కొబ్బరి తెల్లదోమ: మందు కొట్టే ముందు ఆకు తిప్పి నల్ల చుక్కలు ఉన్నాయేమో చూడండి

లంకతోట | ఫిబ్రవరి 9, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కోనసీమ, మామిడికుదురు వైపు. ఎకరంన్నర కొబ్బరి తోట కౌలుకి చేస్తున్నాను. మధ్యలో అరటి, ఒక పక్క కంద. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ కింది మట్టలన్నీ మసి పూసినట్టు నల్లబడిపోయాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి దూది, ముగ్గు వేసినట్టు గుండ్రంగా సుడులు. కింద అరటాకులు బంకబంకగా ఉన్నాయి. భోజనానికి ఒక ఆకు కోసుకుందామన్నా పనికిరావడం లేదు.

పోయిన ఏడాది కూడా వచ్చింది గానీ వానలు పడ్డాక తగ్గింది. ఈసారి ముందే మొదలైంది. మందుల షాపులో రెండు మందులు కలిపి కొట్టమన్నారు. పవర్ స్ప్రేయరు అద్దె, మనుషుల కూలీ, మందు ఖర్చు కలిపితే నాకు ఒక దింపు (కాయకోత) డబ్బులు అటే పోతాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కొట్టాలా వద్దా? కొడితే ఏది కొట్టాలి? ఆకు ఫోటోలు మూడు పెట్టాను.

ఉప్పలగుప్తం_రైతు | ఫిబ్రవరి 9, రాత్రి 9:48

కొట్టెయ్ తమ్ముడూ, ఆలోచించకు. మా పక్క తోటాయన అదే తగ్గుతుందిలే అని చూస్తూ కూర్చున్నాడు. వేసవి వచ్చేసరికి మట్టలన్నీ బొగ్గులా అయిపోయాయి. కాయ సైజు తగ్గింది. కౌలు రైతువి నువ్వు, ఏడాది పోతే నీకు ఎవరిస్తారు?

కడియం_మొక్కలు | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

మా నర్సరీల్లో 2016 చివర్లో చూశాం దీన్ని మొదటిసారి. అప్పుడు ఇదేంటో ఎవరికీ తెలియదు. జామ, సపోటా, అరటి, అలంకరణ పామ్ మొక్కలు, ఏది తిప్పినా అడుగున తెల్లగానే. మొక్కల లారీల వెంట ఊళ్లకి ఊళ్లు తిరిగింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు. ఇప్పుడైతే ఆకు తిప్పి చూడకుండా ఒక్క మొక్క బయటికి పంపను.

కీటకం_చదువు | ఫిబ్రవరి 10, ఉదయం 6:25

లంకతోట అన్నా, నేను కీటకశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. మీ మూడో ఫోటో పెద్దది చేసి చూశాను. దయచేసి రెండు రోజులు మందు ఆపండి.

ఇది సర్పిలాకార తెల్లదోమ, రూగోస్ దోమ అంటారు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో మొదట గుర్తించారు. మామూలు తెల్లదోమ కంటే దాదాపు మూడింతలు పెద్దది, మందకొడిగా కదులుతుంది. ఆడది ఆకు అడుగున సుడిగా తిరుగుతూ గుడ్లు పెట్టి వాటిపైన మైనం పూత పూస్తుంది. మీరు ముగ్గు అన్నది అదే. పిల్ల పురుగు మొదట కాస్త నడుస్తుంది, తర్వాత ఒకచోట అతుక్కుపోయి రసం పీలుస్తుంది. అది విడిచే తీపి బంక కింది ఆకుల మీద పడుతుంది, దాని మీద మసి బూజు పెరుగుతుంది. ఆ బూజు ఆకు లోపలికి దిగదు, బంక మీదే బతుకుతుంది. కాకపోతే ఆకుకి ఎండ తగలనివ్వదు.

ఇక అసలు సంగతి. మూడో ఫోటోలో ఈనెకి ఎడమ పక్కన తెల్ల పిల్ల పురుగుల మధ్య నల్లగా మెరుస్తూ ఏడెనిమిది చుక్కలున్నాయి. అది మసి కాదనుకుంటున్నాను. ఒక పదింతల లెన్సు సంపాదించండి, ఫోనుకి తగిలించేదైనా చాలు. ఆ చుక్క కోలగా, ఉబ్బెత్తుగా ఉందా, గోటితో గీస్తే మసిలా చెరిగిపోతోందా చూసి చెప్పండి.

లంకతోట | ఫిబ్రవరి 10, సాయంత్రం 5:50

చూశానమ్మా. మా అబ్బాయి స్కూలు లెన్సు తీసుకున్నాను. చెరగడం లేదు. నువ్వులగింజ కంటే చిన్నది, కోలగా, నల్లగా నిగనిగలాడుతోంది. కొన్నింటికి ఒక చివర సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లుంది. ఇదేంటి, ఇంకో కొత్త పురుగా?

కీటకం_చదువు | ఫిబ్రవరి 10, సాయంత్రం 6:30

అన్నా, ఆ చిల్లు చూసినందుకు చాలా సంతోషంగా ఉంది. అది మన పురుగే.

దాని పేరు ఎన్‌కార్సియా గ్వాడెలూపే. మిల్లీమీటరు కూడా ఉండని కందిరీగ జాతి బదనిక. కుట్టదు, మన కంటికి కనబడదు. తెల్లదోమ పిల్ల పురుగు మీద నిలబడి, లోపలికి ఒక గుడ్డు దించుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ తెల్లదోమని లోపల్నుంచి తింటూ పెరుగుతుంది. అప్పుడే ఆ పెంకు నల్లబడుతుంది. లోపల పెరగడం అయ్యాక గుండ్రంగా చిల్లు కొరుక్కుని బయటికొస్తుంది. తెల్లదోమే బయటికొచ్చి ఉంటే పెంకు తెల్లగా ఉండి, వీపు మీద ఇంగ్లిషు టీ అక్షరంలా చీలి ఉంటుంది. నలుపు, గుండ్రటి చిల్లు కనబడితే మన బదనిక గెలిచినట్టు. తెలుపు, టీ చీలిక కనబడితే దోమ గెలిచినట్టు.

ఒక మట్టలో మధ్య ఈనెలు నాలుగు తీసుకుని ఈ రెండూ లెక్కపెట్టండి. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ లెక్కే చెబుతుంది.

చెట్టెక్కేవాడు | ఫిబ్రవరి 10, రాత్రి 8:05

నేను పద్దెనిమిదేళ్లుగా దింపు పని చేస్తున్నాను. రోజూ చెట్ల తలకాయల్లోనే ఉంటాను కాబట్టి కింద నుంచి మీకు కనబడనిది నాకు కనబడుతుంది. మందు కొట్టిన తోటలో చెట్టెక్కితే నెలరోజులు బావుంటుంది. తర్వాత ఎక్కితే మట్ట కదిలిస్తే చాలు, పిండి జల్లినట్టు తెల్లదోమ మొహం మీదికి లేస్తుంది. కళ్లల్లో, ముక్కుల్లో. మందు కొట్టని తోటల్లో కొన్నింటిలో ఇలా నల్లచుక్కలు చూశాను, అక్కడ దోమ లేవడం తక్కువ. ఇన్నాళ్లూ అది ఏదో తెగులనుకున్నాను. చెల్లెమ్మ చెప్పాక ఇవాళ తెలిసింది.

ఉప్పలగుప్తం_రైతు | ఫిబ్రవరి 10, రాత్రి 9:20

చదువుకున్న అమ్మాయి చెప్పింది బాగానే ఉంది. నేను కాదనను. కానీ కంటికి కనబడని పురుగు మీద భరోసా పెట్టుకుని ఎన్నాళ్లు ఆగాలి? ఆ బదనిక పెరిగే లోపు నా కాయ పోతే? బ్యాంకువాళ్లు ఎన్‌కార్సియా వస్తుంది ఆగండి అంటే ఆగుతారా?

కీటకం_చదువు | ఫిబ్రవరి 10, రాత్రి 10:40

అంకుల్, మీ భయం నిజమే, తీసిపారేసేది కాదు. బదనిక ఎప్పుడూ దోమ వెనకాలే వస్తుంది. తినడానికి దోమ ఉంటేనే అది పెరుగుతుంది కాబట్టి మొదట్లో దోమదే పైచేయి. ఆ నడిమి రోజులే రైతుకి గండం. ఆ రోజుల్లో చేయగలిగినవి ఉన్నాయి, చెబుతాను. దానికంటే ముందు ఒక మాట.

ఈ తెల్లదోమ కొబ్బరి చెట్టుని చంపదు. మట్టల మీద రసం పీలుస్తుంది, మసి వల్ల ఆకు పని తగ్గుతుంది, దిగుబడి కొంత పడుతుంది. కొమ్ము పురుగు మొవ్వు కొరికినట్టో, ఎర్రముక్కు పురుగు మానుని తొలిచినట్టో కాదు. కాబట్టి మనకి కాస్త టైముంది.

రసాయనం కొడితే జరిగేది ఇదీ. తెల్లదోమ గుడ్లు మైనం కింద, పిల్లలు మైనం దారాల కింద, అన్నీ ఆకు అడుగున. నలభై అడుగుల చెట్టుకి కింద నుంచి కొట్టిన మందు ఆకు అడుగుకి ఎంత చేరుతుంది? బదనిక మాత్రం ఆకంతా నడుస్తూ వెతుక్కుంటుంది, మందు అంటిన చోటల్లా కాలు పెడుతుంది. ముందు చచ్చేది అదే. మిగిలిన దోమ గుడ్లు పగిలేసరికి కాపలా ఉండదు. చెట్టెక్కే అన్న చెప్పిన ‘నెలరోజులు బావుంటుంది, తర్వాత మొహం మీదికి లేస్తుంది’ అన్నది సరిగ్గా ఇదే.

అశ్వారావుపేట_పామాయిల్ | ఫిబ్రవరి 11, ఉదయం 7:15

మాది ఆయిల్‌పామ్. మూడేళ్ల కిందట నాకు జరిగింది చెబుతాను. షాపులో ఇచ్చింది ఇచ్చినట్టు మూడుసార్లు కొట్టాను. మా చెట్లు పొట్టివి కాబట్టి ఆకు అడుగుదాకా తడిసేలాగే కొట్టించాను. ప్రతిసారీ మూడు నాలుగు వారాలు తగ్గడం, మళ్లీ అంతకంత పెరగడం. నాలుగోసారి డబ్బుల్లేక ఆపేశాను, అంతేగానీ తెలివి వచ్చి కాదు. మా తమ్ముడి తోట కాలవ అవతల ఉంది. వాడు ఒక్కసారి కూడా కొట్టలేదు. ఆ వానాకాలం తర్వాత వాడి ఆకుల మీద నల్ల పెంకులే ఎక్కువ, నా ఆకుల మీద తెల్లవే. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి పెదవేగి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థకి తీసుకెళితే అక్కడ చూపించారు తేడా. ఆ రోజు నాకు చాలా బాధేసింది. డబ్బు పోయినందుకు కాదు, పనిచేసేవాటిని నా చేత్తో చంపుకున్నందుకు.

తణుకు_వరి | ఫిబ్రవరి 11, ఉదయం 8:00

మా వరిలో సుడిదోమ కథా ఇంతే. సింథటిక్ పైరిత్రాయిడ్లనే పురుగుమందులు కొట్టిన మడిలో ముందు మిరిడ్ నల్లులు, సాలీళ్లు పోతాయి. మిరిడ్ నల్లి దోమ గుడ్లని పీల్చేది, సాలీడు పిల్లల్నీ పెద్దవాటినీ పట్టేది. ఆ రెండూ పోయాక దోమ దుబ్బుల మొదళ్లలో కుప్పలుగా పడుతుంది. సుడులు సుడులుగా ఎండిపోయిన చేలు అలాంటివే చాలా.

అరటి_జామ | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 2:30

మా పెరట్లో జామచెట్టుకి చిన్నప్పుడే తెల్లటి సుడులు చూసినట్టు గుర్తు. ఈ రూగోస్ దోమ 2016లోనే వచ్చిందంటున్నారు. మరి అదేంటి?

కీటకం_చదువు | ఫిబ్రవరి 11, రాత్రి 9:05

చాలా మంచి ప్రశ్న ఆంటీ. మీరు చూసింది దీని అన్నలాంటిది, మొదటి సర్పిలాకార తెల్లదోమ. అది 1993లో కేరళలో కనబడి తర్వాత దక్షిణాదంతా పాకింది. జామ దానికి చాలా ఇష్టం. ఆ దోమ వెనకాలే ఎన్‌కార్సియా బదనికలు కూడా మన దేశంలోకి వచ్చాయి. ఎవరూ పనిగట్టుకుని తెచ్చి వదల్లేదు, ఎలాగో దోమతో పాటే వచ్చి స్థిరపడ్డాయి. ఆ తెల్లదోమ జోరు తగ్గడానికి అవే ముఖ్య కారణం.

2016లో రూగోస్ వచ్చేసరికి ఎన్‌కార్సియా గ్వాడెలూపే అప్పటికే మన జామచెట్ల మీద, పిచ్చిమొక్కల మీద బతుకుతోంది. కొత్త దోమ దొరికింది, దాన్నీ పట్టుకుంది. అంటే మీ పెరటి జామచెట్టు ఒక రకంగా మన కొబ్బరి తోటలకి బదనికని దాచిపెట్టి ఇచ్చింది. నాకు ఈ విషయం తలుచుకుంటే ఎప్పుడూ ఆశ్చర్యమే.

టాంపా_తెలుగు | ఫిబ్రవరి 12, తెల్లవారుజామున 3:40

నేను ఫ్లోరిడాలో ఉంటాను, మా నాన్నగారిది రాజోలు దగ్గర తోట. ఈ చర్చ ఆయనకి చదివి వినిపించాను. ఈ దోమ ఇక్కడ 2009లో మయామి వైపు బయటపడింది. దీన్ని 2004లో శాస్త్రీయంగా వర్ణించింది మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం కొబ్బరి ఆకుల మీద దొరికిన నమూనాలతో. ఇక్కడ రోడ్ల పక్క గంబో లింబో అనే చెట్ల మీద, పామ్ చెట్ల మీద విపరీతంగా పట్టింది. చెట్టు కింద కారు పెడితే సాయంత్రానికి అద్దం మీద బంక, నాలుగు రోజుల్లో నల్లమసి. ఇక్కడ కూడా దారికి తెచ్చింది పురుగులే. ఎన్‌కార్సియా నోయెసీ అనే బదనిక, నెఫాస్పిస్ అనే ఆవగింజంత అక్షింతల పురుగు.

పాత_మేష్టారు | ఫిబ్రవరి 12, ఉదయం 10:20

కుర్రాళ్లకి ఒక పాత సంగతి చెప్పాలి. మన తోటల్లో నల్లతల గొంగళి పురుగు ఉధృతంగా వచ్చిన కాలం నాకు బాగా గుర్తు. ఆకు అడుగున రెట్టతో, పట్టుదారంతో గూళ్లు కట్టుకుని లోపల కూర్చుని పచ్చదనం గీకి తినేది. దూరం నుంచి చూస్తే తోట తోటంతా తగలబడినట్టు గోధుమరంగులో ఉండేది. అప్పట్లో వేరుకి మోనోక్రోటోఫాస్ కట్టేవాళ్లం. పెన్సిలు లావు వేరుని ఏటవాలుగా కోసి, మందు నీళ్లు కలిపిన ప్లాస్టిక్ సంచి దానికి తొడిగేవాళ్లం. ఆ తర్వాత 45 రోజులు కాయ కొయ్యకూడదు. ఎవరు ఆగారో ఎవరు ఆగలేదో నాకు తెలుసు, మాట్లాడను.

అప్పుడు అంబాజీపేట పరిశోధన స్థానం నుంచి గోనియోజస్ అనే బదనికలు గాజు గొట్టాల్లో ఇచ్చారు. చిన్న నల్లచీమలా ఉంటుంది. గూట్లోకి దూరి గొంగళిని కుట్టి కదలకుండా చేస్తుంది. దాని ఒంటి మీద గుడ్లు పెడుతుంది. అక్కడితో వెళ్లిపోదు. పిల్లలు పుట్టి, ఆ గొంగళిని పీల్చి పెరిగి, గూళ్లు అల్లుకునేదాకా తల్లి అక్కడే కాపలా కాస్తుంది. నేను ఒక ఈనె చీల్చి లెన్సులో చూశాను. పుల్లతో కదిలిస్తే ఆ తల్లి పారిపోలేదు, పిల్లల చుట్టూ తిరుగుతోంది. ఆ రోజు ఆ ఈనెని మళ్లీ చెట్టుకే దారంతో కట్టాను. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది, అంత చిన్న పురుగు కోసం చెట్టెక్కారా అని.

లంకతోట | ఫిబ్రవరి 13, రాత్రి 8:45

మేష్టారూ, నమస్కారం. మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

లెక్క చెబుతాను. నాలుగు ఈనెలు. తెల్లవి, బతికున్నవి 112. నల్లవి 31. చిల్లు పడ్డవి అందులో 9. టీ చీలికతో తెల్ల పెంకులు 40 దాకా. మందు కొట్టడం లేదు. కానీ మసి చూస్తే మాత్రం భయంగానే ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?

కీటకం_చదువు | ఫిబ్రవరి 13, రాత్రి 10:10

చాలా జాగ్రత్తగా లెక్కపెట్టారన్నా. అయిదో వంతు పైగా ఫిబ్రవరిలోనే నల్లబడిందంటే బదనిక బాగా నిలదొక్కుకున్నట్టే.

ఈ నడిమి రోజులకి: అందినంత వరకు పవర్ స్ప్రేయరుతో వట్టి నీళ్లు ఆకు అడుగుకి గట్టిగా కొట్టించండి, దోమ రాలిపోతుంది. మరీ ఎక్కువున్న చెట్లకి వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు కలిపి. లేదంటే ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే బూజు మందు లీటరుకి 5 గ్రాములు, ఎండ తగ్గాక సాయంత్రం పూట. ఆ బూజు దోమ ఒంటి మీద మొలిచి చంపుతుంది. గాలిలో తేమ ఉంటేనే పనిచేస్తుంది, మన లంకల్లో తెల్లవారుజామున మంచు పడుతుంది కాబట్టి ఫరవాలేదు. మసి కోసం ఒక శాతం గంజి, అంటే లీటరు నీటికి పది గ్రాముల పిండి ఉడికించి చల్లార్చి కొట్టండి. ఎండకి అది పొరలా ఎండి మసితో సహా పెచ్చులుగా ఊడిపోతుంది. పసుపు జిగురు అట్టలు కడితే బదనికలు ఎక్కువయ్యాక తీసేయండి, అవి కూడా పసుపు రంగుకే వచ్చి అంటుకుంటాయి.

మీ అరటిని తియ్యొద్దు. అరటి మీద, మెట్టతామర మీద కూడా ఈ దోమ బతుకుతుంది, దాంతో పాటు బదనిక కూడా. చేతికి అందే ఎత్తులో అవి బదనికల నర్సరీలా పనిచేస్తాయి.

ఇంకొకటి, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో తెల్లదోమ పిల్లల్ని తినే అల్లిక రెక్కల పురుగు గుడ్లు పెంచుతారు. డైకోక్రైసా ఆస్టర్ దాని పేరు. వెళ్లి అడగండి.

లంకతోట | ఫిబ్రవరి 21, సాయంత్రం 6:15

వెళ్లాను. గుడ్లున్న కాగితం ముక్కలు ఇచ్చారు. గుడ్డు ఒక్కొక్కటీ వెంట్రుకంత సన్నటి కాడ మీద నిలబడి ఉంది, గాలికి ఊగుతోంది. కాడ ఎందుకని అడిగాను. ముందు పుట్టిన పిల్ల పక్క గుడ్డుని తినేయకుండా తల్లి అలా పెడుతుందట. అక్కడ పెంచేటప్పుడు జొన్నల్లో పెంచే తుట్టె పురుగు గుడ్లు వాటికి మేత. ఒకే మట్టకి అన్నీ కట్టకుండా తోటంతా దూరం దూరంగా పిన్ను కొట్టమన్నారు, పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయని. చెట్టెక్కే అన్న మా తోటకి వచ్చి కట్టి ఇచ్చాడు. కూలీ తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చాను.

అరటి_జామ | ఫిబ్రవరి 28, ఉదయం 9:30

ఒక సందేహం. మా అరటాకు అడుగున దూదిపింజ ఒకటి నడుస్తోంది! తెల్లగా, ఆవగింజంత. పిండినల్లి అనుకుని చిదిమేద్దామనుకున్నా, కానీ చాలా వేగంగా పోతోంది. పిండినల్లి అంత పరుగెత్తదు కదా?

కీటకం_చదువు | ఫిబ్రవరి 28, ఉదయం 9:50

ఆంటీ ఆగండి, చిదమకండి! అదే అల్లిక రెక్కల పురుగు పిల్ల. తను తిన్న దోమల పెంకులు, మైనం అన్నీ వీపు మీద మూట కట్టుకుని తిరుగుతుంది. చీమల కంట్లో, పక్షుల కంట్లో పడకుండా అదే దాని దుప్పటి. లెన్సుతో ముందు వైపు చూడండి, దూది కింద నుంచి కొడవళ్లలా రెండు కోరలు కనబడతాయి. ఆ కోరలు లోపల బోలు. తెల్లదోమ పిల్లలో దించి రసం పీల్చేస్తుంది.

అరటి_జామ | ఫిబ్రవరి 28, ఉదయం 10:35

చూశానమ్మా. నిజంగానే కొడవళ్లు. నేను చూస్తుండగానే ఒక తెల్లదాన్ని పట్టుకుంది, పీల్చింది, ఆ పెంకుని తల ఎత్తి వీపు మీదికి వేసుకుంది. అరగంట నుంచి పొయ్యి మీద పప్పు సంగతి మర్చిపోయి ఇక్కడే కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని చిదిమేశానో తలుచుకుంటే మనసు ఎలాగో ఉంది.

చెట్టెక్కేవాడు | మార్చి 2, రాత్రి 7:40

మాలో చాలామందికి ఇది తెలియదు. మట్ట మీద తెల్లగా ఏది కనబడినా తుడిచేస్తాం. మా సంఘం వాళ్లకి ఈ ఫోటోలు పంపాను. ఇంకో మాట, మందు కొట్టిన మర్నాడే మమ్మల్ని చెట్టెక్కమనొద్దు. మట్టల మధ్య మొహం పెట్టి పని చేస్తాం. ఒకసారి నాకు రెండు రోజులు కళ్లు తెరుచుకోలేదు.

ఉప్పలగుప్తం_రైతు | మార్చి 3, ఉదయం 6:50

అది మా బోటివాళ్లు ఆలోచించాల్సిన మాట. నేను కూడా అలా ఎక్కించాను ఒకటి రెండుసార్లు. తప్పే.

కీటకం_చదువు గారూ, నా తోటలో నిన్న ఈనెలు చూశాను. నల్లవి వంద వెతికితే రెండు. డిసెంబరులో కొట్టాను మందు. ఇప్పుడు నాకు దారేంటి? అబద్ధం చెప్పను, మీ మాట నమ్మాలని ఉంది.

కీటకం_చదువు | మార్చి 3, రాత్రి 9:00

గారు వద్దు అంకుల్, పేరు పెట్టి పిలవండి చాలు.

రెండున్నాయి కాబట్టి మొదలైతే ఉంది. ఇక రసాయనం ఆపండి. నల్లవి బాగా ఉన్న తోట నుంచి ఈనెలు తెచ్చి మీ చెట్లకి, మీ అరటికి కట్టుకోవచ్చు. మూడు జాగ్రత్తలు. చిల్లు లేని నల్లవి ఎక్కువున్న ఈనెలే కోయాలి, చిల్లు పడ్డవి ఖాళీ పెంకులు. ఎగిరే దోమలు, తెల్ల సుడులు ఉన్న ఈనెలు తేవద్దు, దులిపి కోయండి. దోమ లేని కొత్త ఊరికి అసలే తీసుకెళ్లకండి, ఇప్పటికే దోమ ఉన్న తోటకే.

కేరళలో కాయంకుళం పరిశోధకులు మసి బూజునే తినే ఒక చిన్న పెంకు పురుగుని కూడా కొబ్బరి ఆకుల మీద గుర్తించారు. మసిని శుభ్రంగా గీకి తినేస్తుంది. మన దగ్గర ఎవరికైనా నల్లటి ఆకు మీద ఆకుపచ్చ దారులు వేసుకుంటూ పోయే పెంకు పురుగు కనబడితే ఫోటో తీసి పెట్టండి, నాకు చాలా ఆత్రంగా ఉంది.

అశ్వారావుపేట_పామాయిల్ | మార్చి 4, ఉదయం 7:30

ఉప్పలగుప్తం అన్నా, మందు ఆపిన మొదటి రెండు నెలలు చాలా కష్టం. రోజూ చెయ్యి షాపు వైపు లాగుతుంది. నాకు వానలు పడ్డాక తేడా తెలిసింది, మర్నాటి ఏడాదికి నిమ్మళించింది. నంబరు ఇక్కడ పెట్టకూడదు కాబట్టి మెసేజ్ చెయ్యండి, మాట్లాడుకుందాం.

లంకతోట | ఏప్రిల్ 6, రాత్రి 8:20

మళ్లీ లెక్క పెట్టాను. అవే చెట్లు, నాలుగు ఈనెలు. తెల్లవి 58. నల్లవి 74. చిల్లు పడ్డవి 37. దూది మూటల పిల్లలు రెండు కనబడ్డాయి. కాడ గుడ్లు అరటాకు మీద కూడా ఉన్నాయి, అవి నేను కట్టినవి కాదు, పెద్దవై అవే పెట్టాయి.

మసి పాత మట్టల మీద అలాగే ఉంది. గంజి రెండుసార్లు కొట్టాను, అందిన చోట పెచ్చులు ఊడింది, పైన అందలేదు. కొత్తగా విచ్చుకున్న మట్టలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దింపుకి కాయ కొంచెం తగ్గింది, దోమ వల్లో నీళ్ల వల్లో చెప్పలేను. ఖర్చు మాత్రం షాపులో చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు.

పాత_మేష్టారు | ఏప్రిల్ 6, రాత్రి 8:55

ఆ లెక్కల కాగితం పారేయకు నాయనా. తేదీ వేసి గోడకి కట్టు. వచ్చే సంక్రాంతికి మళ్లీ దోమ కనబడితే ఆ కాగితమే నీకు ధైర్యం.

ఉప్పలగుప్తం_రైతు | ఏప్రిల్ 7, ఉదయం 6:10

లంకతోట తమ్ముడూ, చిల్లు లేని నల్లవి ఉన్న ఈనెలు నాకు ఓ పాతిక కావాలి. ఎప్పుడు రమ్మంటావ్?

లంకతోట | ఏప్రిల్ 7, ఉదయం 6:35

ఆదివారం దింపు ఉందన్నా, చెట్టెక్కే అన్న వస్తున్నాడు. ఏడింటికల్లా వచ్చెయ్యండి, ఎండెక్కకముందే కోయిస్తాను. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల చెమట పట్టి పురుగు చచ్చిపోతుంది. కాగితం కవరు తెచ్చుకోండి. లెన్సు నా దగ్గరుంది.